ఆన్‌లైన్ ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ క్లాజు, క్లాస్ యాక్షన్ వేవర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, యాప్‌లో అప్పు తీసుకున్నవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. ముందే ఒక మాట. ఒకే క్లాజు సొంతానికి కొనుక్కున్నవాళ్లను పెద్దగా ఏమీ చేయలేదు. సరుకు అమ్మినవాళ్లను, అప్పు తీసుకున్నవాళ్లను మాత్రం గట్టిగానే పట్టుకుంటుంది. కాబట్టి కింది జవాబుల్లో ఏది చదివినా, ఆ ఒప్పందంలో మీరు ఎవరో ముందు తేల్చుకుని చదవండి.

ఆర్బిట్రేషన్ క్లాజు అంటే ఏమిటి? రాజీ కుదర్చడమేనా?

రాజీ కాదు. మీకూ కంపెనీకీ తగాదా వస్తే కోర్టుకు పోకుండా ఒక ప్రైవేటు వ్యక్తి విచారించి తీర్పు చెప్పాలని ముందే రాసుకున్న షరతు అది. ఆ వ్యక్తిని ఆర్బిట్రేటర్ అంటారు, అతను ఇచ్చే తీర్పును అవార్డు అంటారు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 36 ప్రకారం అవార్డును సివిల్ కోర్టు డిక్రీ లాగే అమలు చేయించుకోవచ్చు. రాజీ కుదిర్చేది మీడియేషన్. అక్కడ మీరు ఒప్పుకోకపోతే ఏమీ జరగదు. ఆర్బిట్రేషన్‌లో మీరు రాకపోయినా పని జరిగిపోతుంది.

అది ఎక్కడ ఉంటుంది? చూస్తే ఎట్లా గుర్తుపట్టాలి?

షరతుల పేజీలో చివరి నాలుగైదు పేరాల్లో, వివాద పరిష్కారం లేదా వర్తించే చట్టం అన్న శీర్షిక కింద ఉంటుంది. ఇంగ్లీషులో ఉండే ఆ పేరాను తెలుగులో చెప్పుకుంటే సుమారుగా ఇట్లా వస్తుంది:

"ఈ ఒప్పందం వల్ల తలెత్తే ఏ వివాదమైనా కంపెనీ నియమించే ఏకైక ఆర్బిట్రేటర్ ద్వారానే పరిష్కారం కావాలి. ఆర్బిట్రేషన్ సీటు బెంగళూరు. భాష ఇంగ్లీషు. ఖర్చులు ఇరుపక్షాలు సమానంగా భరించాలి. వాడుకరి తన క్లెయిమును వ్యక్తిగత హోదాలోనే తేవాలి. ఇతరులతో కలిపి గానీ, ఇతరుల తరఫున గానీ తేరాదు."

ఇందులో గీత గీసుకోవాల్సినవి అయిదు. "కంపెనీ నియమించే" అన్నది చట్టం ముందు నిలవదు, కారణం అప్పు నోటీసుల ప్రశ్నలో ఉంది. "సీటు బెంగళూరు" అంటే రేపు అవార్డును సవాలు చేయాలన్నా బెంగళూరు కోర్టుకే పోవాలి. విచారణ వీడియోలో జరిగినా సీటు మారదు. "ఇంగ్లీషు" అన్నది వాదనకూ పత్రాలకూ వర్తిస్తుంది. "సమానంగా" అన్న మాట చిన్నగా కనిపిస్తుంది గానీ బరువంతా అక్కడే ఉంది: చట్టంలోని నాలుగో షెడ్యూలు నమూనా ఫీజు ప్రకారం 5 లక్షల లోపు తగాదాకు ఆర్బిట్రేటర్ ఫీజు 45,000 రూపాయలు, ఒక్కరే ఆర్బిట్రేటర్ అయితే దాని మీద మరో 25 శాతం. 12,000 రూపాయల ఫోను కోసం అందులో సగం ఎవరు కడతారు? చివరి రెండు వాక్యాలే క్లాస్ యాక్షన్ వేవర్, అంటే చాలామంది కలిసి ఒకే కేసుగా పోయే హక్కును వదులుకోవడం.

నేను ఎక్కడా సంతకం పెట్టలేదు, 'ఐ అగ్రీ' నొక్కానంతే. అయినా ఒప్పందమేనా?

ఒప్పందమే. ఐటీ చట్టం సెక్షన్ 10ఏ ఎలక్ట్రానిక్ ఒప్పందాలను గుర్తిస్తుంది. ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 7 కూడా, 2015 సవరణ తర్వాత, ఎలక్ట్రానిక్ మార్గంలో జరిగిన ఒప్పందాన్ని రాతపూర్వక ఒప్పందంగానే లెక్కిస్తుంది. "చదవలేదు", "ఇంగ్లీషు రాదు" అన్న వాదన ఒక్కదాన్నే పట్టుకుని గెలవడం కష్టం. ముందే టిక్ పెట్టి ఉంచిన బాక్సు సంగతి వేరు. 2020 ఈ-కామర్స్ నిబంధనలు కొనుగోలుకు అట్లాంటి సమ్మతి చెల్లదంటాయి. కాబట్టి ఆ స్క్రీన్‌ను ఫొటో తీసి పెట్టుకోండి.

ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటే వినియోగదారుల కమిషన్‌కు పోరాదా?

పోవచ్చు. కంపెనీ కస్టమర్ కేర్ "మా షరతుల ప్రకారం ఆర్బిట్రేషన్‌కే రావాలి" అని మెయిల్ పెడితే చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. ఆగనక్కర్లేదు. ఇది సుప్రీంకోర్టు దాకా పోయి తేలిపోయిన విషయం.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 100 ఏమంటుందంటే, ఈ చట్టం ఇచ్చే హక్కులు మిగతా చట్టాలకు అదనం, వాటిని తగ్గించేవి కావు. 1986 నాటి పాత చట్టంలో సెక్షన్ 3 కూడా ఇదే చెప్పింది. దాని మీద వచ్చిన తీర్పుల్లో మన ప్రాంతానికి బాగా దగ్గరిది 2012 జనవరిలో వచ్చిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసు. విత్తనాలు నాసిరకమని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు జిల్లా ఫోరాలకు (ఇప్పటి జిల్లా కమిషన్లకు అప్పటి పేరు) పోయారు. అప్పట్లో పరిహారం ఇప్పించిన ఫోరాల్లో మహబూబ్‌నగర్‌ది ఒకటి. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ ఉందని కార్పొరేషన్ వాదించింది. ఆర్బిట్రేషన్ ఒక ఐచ్ఛిక మార్గం మాత్రమేనని, రైతు ముందుగా ఫోరాన్నే ఎంచుకుంటే క్లాజు చూపించి ఆపలేరని సుప్రీంకోర్టు చెప్పింది.

2015లో ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 8ను (కేసును ఆర్బిట్రేషన్‌కు పంపే సెక్షన్) సవరించాక కంపెనీలు మళ్లీ ఇదే వాదన ఎత్తుకున్నాయి. ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018 డిసెంబర్ 10న సుప్రీంకోర్టు దాన్నీ కొట్టేసింది. ఆ పైన తెలంగాణ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక విల్లా కొనుగోలు కేసులో, 2023 అక్టోబర్ 5న, కొన్నవాళ్లు కమిషన్‌ను ఎంచుకున్నాక బిల్డర్ వాళ్లను బలవంతంగా ఆర్బిట్రేషన్‌కు లాగలేడని మరోసారి స్పష్టం చేసింది.

అయితే ఒక జాగ్రత్త ఉంది. "ముందుగా" అన్న మాట ముఖ్యం. మీరే ఆర్బిట్రేషన్ మొదలుపెట్టి, నచ్చలేదని తర్వాత కమిషన్‌కు వస్తే అదే 2012 తీర్పు మీకు అడ్డం తిరగవచ్చు. కంపెనీ పంపిన ఆన్‌లైన్ వివాద పరిష్కార లింకులో వివరాలు నింపే ముందు అది రాజీ కోసమా, ఆర్బిట్రేషన్‌కు సమ్మతా అన్నది చదువుకోండి.

నేను చట్టం ప్రకారం వినియోగదారుణ్ణేనా?

డబ్బు ఇచ్చి సొంత వాడకానికి వస్తువో సేవో తీసుకుంటే అవును. వ్యాపారం కోసం, తిరిగి అమ్మడం కోసం అయితే కాదు. మధ్యలో ఒక మినహాయింపు ఉంది: సొంతంగా పని చేసుకుంటూ బతుకుతెరువు కోసమే వాడుకునే వస్తువైతే అది వ్యాపార ప్రయోజనం కిందికి రాదు. సూర్యాపేటలో ఒక టైలర్ తాను కుట్టడానికి మెషిన్ తెప్పించుకుంటే వినియోగదారుడే. ఇరవై మెషిన్లు కొని పనివాళ్లను పెట్టినవాడికి ఆ మాట వర్తించదు. బత్తాయి తోటలో బోరు మోటారుకు ఆన్‌లైన్‌లో మొబైల్ స్టార్టర్ కొన్న రైతు వినియోగదారుడే.

పోర్టల్‌లో సరుకు అమ్మే చేనేత కుటుంబం, యాప్ మీద క్యాబ్ నడిపే డ్రైవర్, డెలివరీ చేసే కుర్రాడు, వీళ్లు ఆ కంపెనీతో చేసుకున్న భాగస్వామి ఒప్పందం వరకు వినియోగదారులు కారు. అక్కడ క్లాజు మామూలుగానే పనిచేస్తుంది.

కమిషన్‌లో ఫిర్యాదు ఎట్లా వేయాలి? ఎంత ఖర్చు?

ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. పక్కనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పండి. చిన్న రీఫండులు చాలావరకు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే ఫిర్యాదు.

వస్తువుకో సేవకో మీరు చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్. ఎక్కడి కమిషన్ అన్నదానికి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 మీరు ఉండే చోటే చాలంటుంది. కంపెనీ ఆఫీసు గురుగ్రామ్‌లో ఉన్నా, షరతుల్లో "ఢిల్లీ కోర్టులకే అధికారం" అని ఉన్నా, దేవరకొండ మనిషి నల్గొండలో వేసుకోవచ్చు. అచ్చంపేట, కొల్లాపూర్, గద్వాల వైపువాళ్లు కొత్త జిల్లాల లెక్కలో తమ మండలం ఏ కమిషన్ కిందికి వస్తుందో దాఖలుకు ముందే రిజిస్ట్రీలో అడగండి.

ఫీజు, మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఏమీ లేదు. 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000 రూపాయలు. లెక్కకు తీసుకునేది మీరు చెల్లించిన మొత్తాన్నే, అడిగే పరిహారాన్ని కాదు. 18,000 రూపాయల వస్తువుకు 2 లక్షల పరిహారం అడిగినా ఫీజు సున్నాయే.

దాఖలు ఈ-జాగృతి పోర్టల్‌లో చేయొచ్చు, 2025 జనవరి 1 నుంచి అదే నడుస్తోంది. ఫిర్యాదు, అఫిడవిట్, పత్రాల జాబితా, బిల్లు, చెల్లింపు రుజువు, కంపెనీతో జరిగిన మెయిళ్లు, మీ చిరునామా రుజువు పీడీఎఫ్‌లుగా ఎక్కించాలి. లాయర్ తప్పనిసరి కాదు. వీడియోలో విచారణ కోరవచ్చు. కారణం పుట్టిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి.

ఫిర్యాదులు ఎక్కువగా వెనక్కి వచ్చేది ఎదుటి పక్షం పేరు దగ్గర. యాప్ మీద కనిపించే బ్రాండు పేరు రాస్తారు, కానీ కేసు నడవాల్సింది ఆ బ్రాండు వెనక రిజిస్టరైన ప్రైవేట్ లిమిటెడ్ మీద. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో రిజిస్టర్డ్ ఆఫీసు, జీఎస్టీ నంబరు ఉంటాయి, అక్కడి పేరునే అక్షరం తప్పకుండా ఎత్తి రాయండి. పోర్టల్, అందులోని అమ్మకందారు ఇద్దరినీ చేర్చండి. లేకుంటే ఒకరు రెండోవారి మీదికి తోస్తారు.

కంపెనీ లాయరు సెక్షన్ 8 పిటిషన్ వేశాడు. ఇప్పుడు?

భయపడే పని లేదు. "ఆర్బిట్రేషన్ క్లాజు ఉంది, అక్కడికి పంపండి" అని అడిగే పిటిషన్ అది. జవాబు ఒక పేజీ చాలు: నేను వినియోగదారుణ్ణి, సెక్షన్ 100 కింద ఈ మార్గం ఎంచుకున్నాను, 2018 డిసెంబర్ 10 నాటి, 2023 అక్టోబర్ 5 నాటి సుప్రీంకోర్టు తీర్పులు నాకు వర్తిస్తాయి. తీర్పుల కాపీలు జతచేయండి. అయితే లాయరు దానితో ఊరుకోడు, మీరు వ్యాపారం కోసం కొన్నారని కూడా అంటాడు. అసలు పోరు అక్కడ. కాబట్టి సొంత వాడకమని చూపే వాక్యం ఫిర్యాదులోనే, మొదటి పేరాల్లోనే ఉండాలి.

ఇంకొకటి కూడా రాసిపెట్టుకోండి. నోటీసు, ఫిర్యాదు కాపీ అందిన నాటి నుంచి కంపెనీ 30 రోజుల్లో తన జవాబు ఇవ్వాలి, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15. అంతకు మించి పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని 2020లో రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది.

స్క్రీన్‌షాట్లు సరిపోతాయా?

పెట్టండి, కానీ వాటితో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కూడా పెట్టండి. 2024 జూలై 1 ముందు దీన్నే 65బీ సర్టిఫికెట్ అనేవాళ్లు. ఇప్పుడు రెండు భాగాలు: ఎ భాగం మీరు, బి భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే అంకెలు, అక్షరాల గుర్తు) రాయాలి. కమిషన్లు సాక్ష్య చట్టాన్ని సివిల్ కోర్టులంత కచ్చితంగా పట్టించుకోవు గానీ కంపెనీ అభ్యంతరం పెట్టే మొదటి చోటు ఇదే. షరతుల పేజీని కొన్న రోజే పీడీఎఫ్‌గా దింపుకోండి, తేదీ, వెబ్ చిరునామా కనబడేట్టు. చాట్‌లో మాట్లాడిందంతా మెయిల్‌కు పంపమని అడగండి. చాట్ కిటికీ మూసేస్తే చాలా యాప్‌లలో మళ్లీ కనబడదు.

షరతులు మధ్యలో మార్చేసి కొత్తగా ఆర్బిట్రేషన్ పెట్టారు. వర్తిస్తుందా?

మీరు కొన్న రోజున ఉన్న షరతులు ఏవో చూపగలిగితే, పాత లావాదేవీకి పాతవే వర్తిస్తాయని గట్టిగా వాదించవచ్చు. చూపలేకపోతే కంపెనీ ఇచ్చిన కాపీనే కమిషన్ ముందు ఉంటుంది.

క్లాస్ యాక్షన్ వేవర్ మన దగ్గర చెల్లుతుందా?

ఈ వాక్యం అమెరికా ఒప్పందాల నుంచి ఎత్తి మన ఒప్పందాల్లో అతికించింది. మన చట్టంలో దానికి అంత పట్టు లేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 35(1)(సి) ఒకే రకం ప్రయోజనం ఉన్న చాలామంది తరఫున ఒకరో కొందరో, జిల్లా కమిషన్ అనుమతితో, ఫిర్యాదు వేయవచ్చని చెబుతుంది. చట్టమిచ్చిన ఆ దారిని యాప్ షరతు మూసేయలేదన్నది మా అభిప్రాయం. సెక్షన్ 100 మీద వచ్చిన తీర్పుల తర్కం కూడా ఆ వైపే ఉంది.

అసలు కష్టం వేవర్ దగ్గర ఉండదు, ప్రయోజనం ఒక్కటేనని చూపడం దగ్గర ఉంటుంది. జడ్చర్లలో రెండు వందల మందికి ఒకే ప్యాకేజీలో ఒకే 49 రూపాయలు నెలనెలా చెప్పకుండా కోసుకున్నారంటే అందరిదీ ఒకే బాధ. అదే రెండు వందల మందిలో ఒకరికి సరుకు ఆలస్యం, ఒకరికి రీఫండు రాలేదు, ఇంకొకరికి రంగు మారింది అంటే కుదరదు. బ్రిగేడ్ ఎంటర్‌ప్రైజెస్ కేసులో 2021 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రెండు ముక్కలు విడదీసి చెప్పింది: అందరి ప్రతినిధిగా వేయాలంటే ప్రయోజనం అందరికీ ఒకటేనని ఫిర్యాదులోనే చూపాలి. అది చూపలేని కొందరు మాత్రం తమ వరకు కలిసి ఉమ్మడి ఫిర్యాదు వేసుకోవచ్చు.

ప్రతినిధి ఫిర్యాదుకు బహిరంగ నోటీసు ఇవ్వాలి, తరచుగా అది పేపరు ప్రకటనే, ఆ ఖర్చు వేసినవాళ్లదే. దాని ఫలితం కేసులోకి రానివాళ్లకూ వర్తిస్తుంది. అందుకే పది పదిహేను మంది ఉంటే ఉమ్మడి ఫిర్యాదే తేలిక.

ఇంకా పెద్ద సంఖ్యలో జనం ఉంటే కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీకి రాయండి. జనం తరఫున అదే విచారణ చేయగలదు, అక్కడ వేవర్ ఊసే రాదు. లాక్‌డౌన్‌లో రద్దయిన టికెట్ల డబ్బు, రెండున్నర కోట్ల పైచిలుకు, ప్రయాణికులకు తిరిగివ్వమని 'యాత్రా' అనే ఆన్‌లైన్ టికెట్ల సంస్థను 2024 జూన్‌లో ఆదేశించింది ఈ అథారిటీయే.

అసలు ఆ క్లాజునే కొట్టేయించవచ్చా?

వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(46) అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో చెబుతుంది. వినియోగదారుణ్ణి నష్టపరిచే అసమంజస షరతు అందులోకి వస్తుంది. కానీ షరతు చెల్లదని ప్రకటించే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు, ఆపైన జాతీయ కమిషన్‌కు ఉంది. మీకు కావాల్సింది డబ్బయితే క్లాజు జోలికి పోకుండా జిల్లా కమిషన్‌లోనే వేసి, అది అడ్డం కాదని చెప్పుకోవడం దగ్గరి దారి.

ఫైనాన్స్ కంపెనీ నుంచి ఆర్బిట్రేషన్ నోటీసు వచ్చింది. పట్టించుకోకపోతే ఏమవుతుంది?

మిగతా పేజీ అంతా వదిలేసినా ఈ జవాబు మాత్రం చదవండి.

బండి లోనుకో, యాప్ లోనుకో, క్రెడిట్ కార్డుకో కిస్తీలు ఆగితే ఒక వరుసలో కాయిదాలు వస్తాయి: బాకీ కట్టమని, క్లాజు వాడుతున్నామని చెప్పే ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 21 నోటీసు, ఫలానా ఆయన్ను ఆర్బిట్రేటర్‌గా పెట్టామని ఒక లేఖ, తేదీ, వీడియో లింకుతో మొదటి విచారణ నోటీసు, బండి లోను అయితే బండి స్వాధీనానికి మధ్యంతర ఉత్తర్వు, చివరికి అవార్డు. పోస్టులో, మెయిల్‌లో, వాట్సాప్‌లో వస్తాయి. మీరు జవాబు ఇవ్వకపోతే సెక్షన్ 25 ప్రకారం అవతలివాళ్ల పత్రాలు చూసి విచారణ సాగించవచ్చు. మీ మౌనం బాకీ ఒప్పుకున్నట్టు కాదని చట్టమే చెబుతుంది, కానీ మీ వైపు కాయిదం ఒక్కటీ లేని ఫైలులో అవార్డు ఎటు వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. చెన్నైలో వచ్చిన ఆ అవార్డును మిర్యాలగూడలో మీ ఆస్తి మీద అమలు చేయాలంటే చెన్నై కోర్టు నుంచి బదిలీ కూడా అక్కర్లేదు, ఆస్తి ఉన్న చోటి కోర్టులోనే నేరుగా వేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది.

మీ చేతిలో ఉన్న బలమైన అభ్యంతరం నియామకం మీద. తగాదాలో ప్రయోజనం ఉన్న పక్షం ఒక్కటే ఏకైక ఆర్బిట్రేటర్‌ను పెట్టరాదని 2019 నవంబర్‌లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సెక్షన్ 12(5) ప్రకారం ఆ అభ్యంతరాన్ని వదులుకోవాలంటే తగాదా వచ్చాక మీరు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. లోను తీసుకున్న రోజు పెట్టిన సంతకం దానికి చాలదు. అందుకే కొన్ని నోటీసులతో ఒక "సమ్మతి" ఫారం, లింకు కూడా వస్తాయి. దాన్ని ముట్టుకోవద్దు.

జవాబు ఇట్లా ఉంటే చాలు, స్పీడ్ పోస్టులోనూ మెయిల్‌లోనూ, ఆర్బిట్రేటర్‌కూ కంపెనీకీ:

"అయ్యా, ఫలానా తేదీ నాటి మీ నోటీసు ఫలానా తేదీన నాకు అందింది. మిమ్మల్ని కంపెనీ ఒక్కటే నియమించింది. దానికి నేను ఒప్పుకోలేదు, ఒప్పుకోవడం లేదు. సెక్షన్ 12(5) కింద అభ్యంతరం తెలుపుతూ, సెక్షన్ 16 కింద మీ అధికార పరిధిపై ముందు నిర్ణయం ఇవ్వాలని కోరుతున్నాను. లోను ఒప్పందం, పూర్తి ఖాతా స్టేట్‌మెంటు, వడ్డీ, జరిమానా లెక్కలు, నా ఇన్సూరెన్స్ కోత వివరాలు పంపండి. ఈ జవాబును, విచారణకు హాజరును మీ నియామకానికి సమ్మతిగా తీసుకోరాదు."

పరిధి అభ్యంతరం మీ రక్షణ వాంగ్మూలం ఇచ్చే సమయం దాటకముందే పెట్టాలి. ఆర్బిట్రేటర్ తప్పుకోకపోతే సెక్షన్ 14 కింద కోర్టులో అడగవచ్చు. అభ్యంతరం పెట్టాం కదా అని ఊరుకోకండి. లెక్కల్లో తేడా ఉంటే, అడగని ఇన్సూరెన్స్ కోసుకుంటే, కట్టిన కిస్తీ ఎక్కకపోతే ఎదురు క్లెయిము కూడా వేయండి. బాకీ నిజమే అయితే రాజీ మాటలు రాతలోనే నడపండి. సెటిల్మెంటు మొత్తం కట్టాక నో డ్యూ సర్టిఫికెట్‌తో పాటు ఆర్బిట్రేషన్ వెనక్కి తీసుకున్నట్టు లేఖ కూడా అడగండి.

వరుస కూడా ముఖ్యం. రిజర్వ్ బ్యాంక్ ఆంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు ఉచితం, ఫోను 14448. ముందు కంపెనీకి రాసి 30 రోజులు ఆగాలి. కానీ అదే విషయం అప్పటికే ఆర్బిట్రేటర్ ముందు ఉంటే ఆంబుడ్స్‌మన్ తీసుకోరు. కాబట్టి చార్జీల తగాదా మొదలైన నెలలోనే రాయండి, నోటీసు వచ్చేదాకా ఆగకండి.

అవార్డు వచ్చేసింది. ఇంకేమైనా ఉందా?

సవాలు చేయడానికి గడువు, సంతకం చేసిన కాపీ మీ చేతికి అందిన రోజు నుంచి 3 నెలలు, తగిన కారణం చూపితే ఇంకో 30 రోజులు. అంతే. ఆ తర్వాత ఏ కోర్టూ ఆలస్యాన్ని మన్నించలేదు. కవరు పారేయకండి, పోస్టల్ ముద్ర మీ గడువుకు రుజువు. అవార్డును కొట్టేయమని అడిగే ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 34 పిటిషన్ సీటు ఉన్న ఊరి కోర్టులో వేయాలి. వేసినంత మాత్రాన అమలు ఆగదు, స్టే విడిగా అడగాలి. సొమ్ము అవార్డయితే కొంత డిపాజిట్ కట్టమంటారు. నియామకం చెల్లదన్న అభ్యంతరాన్ని అమలు కోర్టులోనూ పెట్టండి. కానీ దాన్ని నమ్ముకుని 34 గడువు పోగొట్టుకోవద్దు.

మేం గద్వాల చీరలు పోర్టల్‌లో అమ్ముతాం. పేమెంటు ఆపేశారు.

మీరు అమ్మకందారు, కాబట్టి ఆర్బిట్రేషన్ నుంచి తప్పించుకోవడం కష్టం. కానీ కంపెనీ చెప్పిన ఆర్బిట్రేటర్‌నే ఒప్పుకోవాల్సిన పని లేదు. సెక్షన్ 21 నోటీసు మీరే పంపండి, ఇద్దరికీ నచ్చిన పేరు అడగండి, 30 రోజుల్లో కుదరకపోతే సీటు ఉన్న రాష్ట్ర హైకోర్టులో సెక్షన్ 11 కింద నియామకం కోరండి. పోర్టల్ డాష్‌బోర్డు ఖాతా మూసేసిన రోజే మాయమవుతుంది. ఆర్డర్ల నివేదిక, రిటర్న్ ఫొటోలు, కమిషన్ కోతల పట్టీ వారానికోసారి దింపుకోండి.

సరుకును కంపెనీయే మీ దగ్గర కొని అమ్ముతుంటే ఇంకో దారి ఉంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉన్న తయారీదారుకు కొన్నవాడు 45 రోజుల్లోపు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, నెలవారీ లెక్కన. చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం సెక్షన్ 18 కింద, ఇట్లాంటి బకాయిల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు పోవచ్చు. మీ ఒప్పందంలో ఆర్బిట్రేషన్ ఉన్నా కౌన్సిల్ దారిదే పైచేయి అని 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. సరుకు పంపే ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి, తర్వాత చేయించుకుంటే పాత బిల్లులకు పనికిరాదని అదే తీర్పు చెప్పింది. నేయకుండా కొని అమ్మే దుకాణాలకు ఇది వర్తించదు.

మా అబ్బాయి అమెరికాలో చదువుతున్నాడు. అక్కడా ఇంతేనా?

అక్కడ లెక్క తలకిందులు. 1925 నాటి ఫెడరల్ ఆర్బిట్రేషన్ చట్టం కింద ఈ క్లాజులు వినియోగదారుణ్ణి కూడా కట్టేస్తాయి. 2011లో ఏటీ అండ్ టీ మొబిలిటీ కేసులో, ఉచితమన్న ఫోను మీద వసూలు చేసిన 30 డాలర్ల పైచిలుకు పన్ను గురించి మొదలైన తగాదాలో, క్లాస్ యాక్షన్ వేవర్ చెల్లుతుందని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 2018లో ఉద్యోగుల ఒప్పందాలకూ అదే చెప్పింది.

అబ్బాయి చేయగలిగింది ఇది: ఖాతా తెరిచిన వెంటనే షరతుల్లో ఆప్ట్ అవుట్ (ఈ క్లాజు నాకు వద్దని చెప్పే వీలు) ఉందేమో చూడాలి. చాలా కంపెనీలు 30 రోజుల గడువు ఇస్తాయి, కొన్ని మెయిల్ ఒప్పుకుంటాయి, కొన్ని ఉత్తరమే కావాలంటాయి. ఉత్తరమైతే పోస్టింగ్ రసీదు దాచుకోవాలి. స్మాల్ క్లెయిమ్స్ కోర్టు మినహాయింపు కూడా చాలా క్లాజుల్లో ఉంటుంది. ఇంటి అద్దె డిపాజిట్, ఫోను బిల్లు లాంటివి అక్కడ తేల్చుకోవచ్చు. వేలమంది ఒకేసారి విడివిడిగా ఆర్బిట్రేషన్ వేస్తే ఒక్కొక్క కేసు ఫీజు కంపెనీయే కట్టాల్సి వచ్చి, 2021లో అమెజాన్ అక్కడి షరతుల్లోంచి ఈ క్లాజునే తీసేసింది.

విదేశీ యాప్ మీద నల్గొండలో వేస్తే లాభమేనా?

వేయడానికి అడ్డు లేదు. వసూలు చేయడమే తిప్పలు. షరతుల మొదటి పేరాలో ఒప్పందం ఏ కంపెనీతో అని రాసి ఉంటుంది. అక్కడ భారతీయ అనుబంధ సంస్థ పేరుంటే దాన్ని చేర్చండి. ఈ-కామర్స్ సంస్థలు భారత్‌లో నివసించే నోడల్ అధికారిని పెట్టాలన్న నిబంధన కూడా ఉంది, నోటీసు ఆయనకు పంపండి.

లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేదు.

జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఫోను 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ ఇస్తారు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. అప్పు నోటీసుకు జవాబు రాసివ్వమని అడగడానికి కూడా అక్కడికి పోవచ్చు.

వాట్సాప్‌లో వచ్చిన నోటీసు అసలుదో నకిలీదో ఎట్లా తెలుస్తుంది?

అసలు నోటీసులో మీ లోను ఖాతా నంబరు, ఒప్పందం తేదీ, క్లాజు నంబరు, ఆర్బిట్రేటర్ పూర్తి పేరు, చిరునామా ఉంటాయి. "24 గంటల్లో కట్టకపోతే అరెస్టు వారెంటు" అని ఉంటే అది నకిలీ. ఆర్బిట్రేటర్‌కు అరెస్టు చేయించే అధికారం లేదు. అందులోని నంబరుకు ఫోను చేయకుండా, మీ లోను పత్రంలో ఉన్న కంపెనీ నంబరుకు చేసి అడగండి. యూపీఐ లింకు పంపి కట్టమంటే 1930కి ఫిర్యాదు చేయండి.